ఒకసారి నాటిన ఏండ్లతరబడి నిలుచు మొక్కలు: మెట్టరైతు పెరటికిని గట్టునకును

వానకాలము దగ్గరపడినప్పుడెల్ల మన సంఘ సభ్యులు విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు విచారించుట పరిపాటి. ఈ నడుమ వారిలో కొందరు మరియొక ప్రశ్న కూడ వేయుచున్నారు. పట్నపు తోటలలో కానవచ్చు అందమైన గడ్డిదుబ్బులు, ఈకలవలె ఆకులు చాచు ఫెర్నులు, ఏటేట తిరిగి విత్తనక్కరలేని పూలమొక్కలు మన నల్లగొండ, మహబూబ్‌నగరు సీమలలో బ్రతుకునా? బ్రతికినచో వేనిని ఎన్నుకొనవలయును? ఎట్లు నాటవలయును? ఈ ప్రశ్నలకు మాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పెరటి పూలమొక్కలకు సేద్యగాండ్ర పత్రికలో చోటేల యని కొందరికి తోపవచ్చును. అందుకు రెండు కారణములు కలవు. మొదటిది, పెరటికి అందమిచ్చు గడ్డిదుబ్బే పొలము గట్టుమీద మట్టిని నిలుపును. కావున పెరడు గట్టునకు నారుమడివంటిది. రెండవది, మన సీమలో ఎన్ని ఇండ్లవారో పంటలు చేతికి వచ్చిన వెనుక కూలికై దూరదేశములకు పోవుదురు. పాలమూరు కూలీలు దేశమందలి అనేక ఆనకట్టల పనులలోను కాలువల పనులలోను చెమటోడ్చినవారే. అట్టి ఇంట వేసవిలో మిగులువారు ముసలివారును పిల్లలును. వారు దినదినము పది కడవలు మోసి మొక్కలను బ్రతికింపవలసిన తోట మనకు తోట కాదు, బరువు. ఒకసారి నాటి, ఒక యేడు కనిపెట్టి చూచినచో పిమ్మట తానై నిలుచు మొక్కయే మనకు తగినది.

బహువార్షికము అనగా నేమి?

జొన్న, గునుగు, బంతి మున్నగునవి ఒక్క కారులో మొలిచి, పూచి, గింజ వేసి చచ్చును. వీనిని ఏకవార్షికములందురు. పసుపు, మెట్టతామర, నేలసంపెంగ మున్నగువాని పైయాకు ఎండినను నేలలోని దుంప చావదు. తొలకరి తగులగనే అది మరల మోసెత్తును. నిమ్మగడ్డి, వట్టివేరు, దర్భ మున్నగునవి పిలకలు వేయుచు దుబ్బుకట్టి అనేక సంవత్సరములు నిలుచును. ఇవన్నియు బహువార్షికములు. చెరకు కొట్టిన మోళ్ళనుండి మరల పైరు లేచుట చూచిన రైతునకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

వీని బలమంతయు వేరులో నున్నది. ఏకవార్షికము గింజకొరకు తొందరపడును. బహువార్షికము మొదటి యేడు పైకి పెరుగుటకంటె క్రిందికి దిగుటకే ఎక్కువ పాటుపడును. కావున నాటిన మొదటి సంవత్సరమున మొక్క ఎదుగలేదని విసిగి పెరికివేయరాదు. అది నేలలో తన యిల్లు కట్టుకొనుచున్నది.

మేము చేసిన పొరపాటు

ఇతరులకు బుద్ధి చెప్పుటకు ముందు మా పొరపాటును చెప్పుట న్యాయము. కొన్ని యేండ్లక్రిందట మేము హైదరాబాదునందలి ఒక నర్సరీకి పోయి, కంటికి నచ్చినవెల్ల కొని తెచ్చితిమి. అందు ఆరు ఫెర్ను కుండీలు, రంగుటాకుల మొక్కలు కొన్ని, ఒక బండెడు పచ్చికపలకలు ఉండెను. ఆషాఢమున నాటితిమి. శ్రావణ భాద్రపదములందు పెరడు చూడముచ్చటగా నుండెను. చూడవచ్చినవారు మెచ్చుకొనిరి, మేమును పొంగిపోతిమి. మాఘము దాటగనే ఆకుల అంచులు మాడసాగెను. చైత్రమున బోరులో నీరు తగ్గెను. త్రాగునీటికే వరుస కట్టవలసిన దినములలో పచ్చికకు నీరు పెట్టుమని ఇంటివారిని అడుగుటకు మాకు నోరు రాలేదు. వైశాఖము నాటికి ఫెర్నులన్నియు పోయినవి; పచ్చిక గడ్డివామివలె ఎండినది.

అయితే స్నానపు నీరు పారు జలదారి ప్రక్కన ఎవరో యిచ్చిన వట్టివేరు పిలకలు రెండు మేము మరచిపోయినవి ఉండెను. అవి మనిషి నడుమెత్తు దుబ్బులై నిలిచెను. కంచెమూల తానై మొలిచిన తంగేడు పచ్చగా నుండెను. ఆనాడు మాకు తెలిసిన పాఠమిది: మొక్కను శ్రావణమునందలి అందమును చూచి ఎన్నుకొనరాదు, వైశాఖమునందు మన బావిలోనుండు నీటిని చూచి ఎన్నుకొనవలయును. ఈ వ్యాసమునందు మేము చెప్పబోవున దంతయు ఈ యొక్క మాటకు వివరణమే.

మన నేల, మన వాన

2016 లోను 2019 లోను ఈ రెండు జిల్లాలు పలు జిల్లాలుగా విడిపోయినను నేల మారలేదు, వాన మారలేదు. ఇచట సాలున సగటున ఇంచుమించు 600 నుండి 750 మిల్లీమీటర్ల వాన కురియును. అందు నాలుగింట మూడువంతులు మృగశిర మొదలు ఉత్తర కార్తె వరకు గల నాలుగు మాసములలోనే పడును. తక్కిన యెనిమిది మాసములు మొక్క తన వేరును నమ్ముకొని బ్రతుకవలసినదే. నేల చాలవరకు ఎఱ్ఱచలక, దుబ్బ; కృష్ణ తుంగభద్రల వైపున నల్లరేగడి. చలకలో నీరు త్వరగా ఇంకును, త్వరగానే ఆరును. గట్టివాన పడినప్పుడు పైమట్టి వాలువెంట కొట్టుకొనిపోవును. ఆ పైమట్టియే మన సారము.

ఇచట పచ్చిక పెంచదలచువారు ఒక చిన్న లెక్క చూడవలయును. ఎండకాలమున తడిగానున్న పచ్చికనుండి దినమునకు కనీసము 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరియగును. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరనగా ఒక లీటరు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల పచ్చికకు దినమునకు 500 లీటర్లు కావలయును. బిందెకు 15 లీటర్ల చొప్పున ఇది ముప్పదిమూడు బిందెలు. ఒక కుటుంబము త్రాగి, వండుకొని, స్నానమాడు నీటికంటె ఇది తక్కువ కాదు. అదే యింట వాడి పారబోయు నీటితో పది పదునైదు దుబ్బులు హాయిగా బ్రతుకును. ఇక ఏది మేలో సభ్యులే నిర్ణయించుకొందురు గాక.

గడ్డిదుబ్బులలో మొదటిది వట్టివేరు

మన పెరటికిని గట్టునకును ఒకే మొక్కను చెప్పుమని యడిగినచో మేము వట్టివేరునే చెప్పుదుము. దీనినే కురువేరనియు అందురు. దీని వేళ్ళను త్రాగునీటి కుండలో వేయుట, తడికెలుగా అల్లి వేసవిలో ద్వారములకు కట్టి నీరు చిలుకరించుట హైదరాబాదు సీమవారికి క్రొత్త కాదు. దీని గొప్పతనము వేరు దిగు తీరులో నున్నది. ఇతర గడ్డివేళ్ళవలె ప్రక్కలకు ప్రాకక ఇది నిట్టనిలువుగా దిగును. మంచినేలలో మూడు మీటర్లవరకు దిగును. కావున ప్రక్కనున్న పైరుతో పెద్దగా పోటీపడదు. వేసవిలో లోతుతడిని అందుకొనును.

కర్ణాటకమునందలి గుండ్లుపేట ప్రాంతపు రైతులు తరతరములుగా పొలముల హద్దులయందు వట్టివేరును వరుసగా నాటుచుండిరి. 1980 ప్రాంతములందు మన దేశమున పనిచేసిన ప్రపంచబ్యాంకు వ్యవసాయ నిపుణులు గ్రీన్‌ఫీల్డు, గ్రిమ్‌షా అనువారు ఈ గడ్డి మట్టికోతను ఆపుటకు తగినదని గుర్తించి, 1987 లో దీనిపై ఒక చిన్న పుస్తకమును వెలువరించిరి. 1993 లో అమెరికా జాతీయ పరిశోధనమండలి దీనినే విషయముగా గైకొని ఒక గ్రంథము ప్రకటించెను. నేడు అనేక దేశములలో రోడ్ల కట్టలకును వాలుపొలములకును దీనిని వాడుచున్నారు. మన ప్రక్కసీమ రైతు ఎరిగిన సంగతిని ప్రపంచము నేర్చుకొన్నది; మనము మాత్రము వెనుకబడుట తగదు.

నాటు పద్ధతి సులభము. ముదురుదుబ్బును త్రవ్వి, రెండు మూడు పిలకలు గల ముక్కలుగా విడదీయవలయును. ఆకులను జానెడెత్తున కోసి, వేళ్ళను బెత్తెడు ఉంచి కత్తిరింపవలయును. ఆరుద్ర కార్తెలో నేల బాగుగ తడిసిన పిమ్మట, వాలునకు అడ్డముగా సమమట్టపు గీత వెంబడి సన్నని చాలు తీసి, 15 సెంటీమీటర్లకు, అనగా రెండు బెత్తెళ్ళకు, ఒక్కొక్క ముక్క చొప్పున నాటి మొదలు గట్టిగా నొక్కవలయును. సమమట్టమును కనుగొనుటకు మేస్త్రీలు వాడు నీటి లెవలుగొట్టము చాలును. వరుసలో ఒక్క ఖాళీ యున్నను వాననీరు అందుండియే దూకి గండి కొట్టును. కావున చచ్చిన ముక్కల స్థానమున పదునైదు దినములలో మరల నాటవలయును. రెండు మూడు వానకాలములకు దుబ్బులు ఒకదానితో నొకటి కలిసి గోడవలె నగును. నీరు నెమ్మదిగా వడిసి పోవును; మట్టి వెనుక నిలిచి క్రమముగా మడి ఏర్పడును.

రెండు జాగ్రత్తలు చెప్పవలసియున్నవి. ఏట రెండుమారులు మూరెడెత్తున కోసినచో పిలకలు దట్టమగును; ఎండుటాకులలో చెదలు చేరవు. కోసిన లేతయాకు పశువులు మేయును, ముదురాకు పైకప్పునకును మొక్కల మొదట కప్పుటకును పనికివచ్చును. రెండవది, గట్టుమీది వట్టివేరును వేళ్ళకొరకు త్రవ్వరాదు. త్రవ్వినచో కట్టయే తెగును. వేరు కావలసినవారు పెరటిలో ఇసుక కలిపిన మడిలో వేరుగ పెంచుకొనవలయును. పిలకలు తెచ్చునప్పుడు దక్షిణదేశపు రకమునే అడుగుడు. అది మొలకెత్తు గింజ వేయదు గనుక పొలములో కలుపుగా మారదు. ఉత్తరదేశమునందలి అడవిరకము గింజలవలన వ్యాపించును.

తక్కిన గడ్డిజాతులు

నిమ్మగడ్డి పెరటికి రెండవ దుబ్బు. వంపు తిరిగిన ఆకుల గుబురు చూపునకు ఇంపు; తేనీటిలో వేసికొన్న సువాసన. రెండు మూడు మాసములకొకసారి బెత్తెడెత్తున కోయుచుండవలయును. నీరు నిలువరాదు. నాలుగైదేండ్లకు దుబ్బు నడుమ బోడిపడును; అప్పుడు తొలకరిలో త్రవ్వి, అంచు పిలకలను క్రొత్తచోట నాటవలయును.

బోదగడ్డి మన మెరకలలోను నల్లమలలోను తానై పెరుగును. చెంచుల గుడిసెలకు కప్పు ఇదియే. ఎఱ్ఱబారిన దాని కాడలు చలికాలపు ఎండలో మెరయుట చూచినవారికి విదేశపు గడ్డితో పనిలేదు. రాతిగోడ దాపున, నీరందని మూలలయందు నాలుగు దుబ్బులు నిలుపవచ్చును. మేతయు కావలయునన్నచో అంజన్ గడ్డి మంచిది. చలకనేలలో ఎండకోర్చును, ఎండిన కంకులు సైతము అందముగ నుండును. దానితోపాటు స్టైలో విత్తినచో గొఱ్ఱెలకు మాంసకృత్తులు గల మేత దొరకును. అది చిక్కుడు కుటుంబపు మొక్క గనుక నేలకును నత్రజనిని చేర్చును. చీపురుగడ్డి మెరక చెలకలలో మొలచి యింటికి చీపుర్లనిచ్చును, గింజరాలకముందు కోసికొనవలయును.

ఇక దూరముంచవలసినవి. రెల్లు శరత్కాలమున వెండివలె పూచును గాని నేలలో ప్రాకి పొలమునాక్రమించును. అది ఏటిగట్టునకే తగును. దర్భయు అట్టిదే; ఒకసారి లోతుకు దిగినదానిని పెకలించుట కష్టము. గరిక మేతకు మంచిదే గాని దుక్కిలో ముక్కముక్కయు మొలకెత్తును. పైరుగట్టుకు దగ్గరగా దానిని తేరాదు. బాణపుములుకువంటి గింజలు గల మెరకగడ్డి ఒకటి కలదు. దాని ములుకులు గొఱ్ఱెల ఉన్నిలో చిక్కి చర్మమును గ్రుచ్చును. గొంగళ్ళు నేయు కురుమసోదరులు దాని కష్టమెరుగుదురు. మంద తిరుగుచోట దానిని అందముకొరకు ఉంచరాదు.

ఫెర్నులు: ఎచ్చట సాధ్యము, ఎచ్చట వ్యర్థము

ఫెర్నులకు పువ్వు లేదు, గింజ లేదు. ఆకు అడుగున గోధుమవర్ణపు చుక్కలవలె కనబడునవి సిద్ధబీజముల తిత్తులు. అందుండి రాలిన పొడి తడినేలపై పడి చిన్న పచ్చని రేకుగా మొలచును. ఆ రేకుపై నీటిపొర యున్నప్పుడే బీజసంయోగము జరిగి క్రొత్త మొక్క పుట్టును. కావుననే ఫెర్నులు తడియు నీడయు విడిచి యుండజాలవు. నల్లమలలో మల్లెలతీర్థమువంటి జలపాతపు లోయను తలచుకొనుడు: ఎండ తగులని బండ, ఎప్పుడును ఊరు నీరు, కదలని చల్లగాలి. నర్సరీలో అమ్ము ఫెర్నులకు కావలసినది అదియే. మన వాకిటి వడగాలిలో దానిని నిలుపబూనుట చేపను చెట్టునకు కట్టుటవంటిది.

అయినను ఫెర్నుల ముచ్చట మనకు బొత్తిగా లేదనరాదు. ఇంటి ఉత్తరపు గోడదాపున, త్రాగునీటి కుండలు పెట్టు అరుగుక్రింద, దినమునకు పలుమార్లు నీరు ఒలుకుచోటు ఒకటి ప్రతియింటను ఉండును. అచట ఒకటి రెండు కుండీలు నిలుపవచ్చును. మట్టి ఒకపాలు, మాగిన ఆకుయెరువు రెండుపాళ్ళు, ఇటుకముక్కలు ఒకపాలు కలిపి నింపుడు. కుండీని తడి యిసుకపళ్ళెములో ఉంచుడు. రసాయనపు ఎరువు వేయకుడు. ఎండుటాకులను కోసివేయుచుండుడు. ఒకటి బ్రతికిన పిమ్మటనే రెండవది తెండు.

మన దేశవాళి ఫెర్నులను కూడ గుర్తింపవలయును. పాతబావుల తడిగోడలపై సన్నని నల్లకాడలతో వ్రేలాడు హంసపాది ఫెర్నే. దాని ఆకుకొన వంగి తాకినచోట వేరూని క్రొత్తమొక్క యగును. వేసవిలో మాయమై వానలలో మరల చిగిర్చును. మయూరశిఖ యనునది ఇంకను వింతయైనది. తాటియాకును బొమ్మగా కుదించినట్లు విసనకఱ్ఱవంటి ఆకులతో, బండల సందులలోను పాతగోడలమీదను పెరుగును. ఎండకు ముడుచుకొని చచ్చినట్లుండి, చినుకు పడగనే విచ్చుకొనును. నీడనుగోరు జాతిలో పుట్టియు కరవును ఓర్చుట నేర్చిన మొక్క యిది. మీ రాతిగోడలో ఇట్టిది కనబడినచో సున్నము కొట్టి చంపక ఉంచుడు. అడవినుండి మాత్రము త్రవ్వి తేరాదు. అమ్రాబాదు అభయారణ్యమునందు అది చట్టవిరుద్ధము, పైగా అచటినుండి తెచ్చినవి ఇచట బ్రతుకుట అరుదు.

రైతునకు మిక్కిలి ఉపయోగపడు ఫెర్ను మరియొకటి కలదు. అది అజొల్లా. నీటిపై తేలు ఈ చిన్నమొక్క ఫెర్నుజాతిదేయని పలువురెరుగరు. దాని ఆకుల అరలలో నీలాకుపచ్చ నాచు ఒకటి కాపురముండి గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చును. అందుచేతనే అది వరిమడికి ఎరువు, పాడిపశువునకు దాణాలో తోడు. చెట్టునీడన జానెడులోతు గుంట త్రవ్వి, ప్లాస్టికు పట్టా పరచి, జల్లించిన మట్టియు పేడనీరును వేసి, నీరుపోసి కొంచెము అజొల్లా వదలినచో కొలది దినములలో గుంట నిండును. దినదినము కొంత తీసి, కడిగి పశువులకు పెట్టవలయును. ఎండ తీవ్రమైనప్పుడు పైన తాటాకు కప్పు వేయుడు. ఫెర్ను పెంచవలెనను కోరికయు తీరును, పాలచెంబును నిండును.

పూచు బహువార్షికములు

మొదట తంగేడును చెప్పుట మనకు ధర్మము. బతుకమ్మలో గునుగు ప్రక్కన బంగారమువలె నిలుచు ఈ పువ్వును 2014 లో తెలంగాణ రాష్ట్రపుష్పముగా ప్రకటించిరి. గుట్టవాలున నీరు లేకయే పెరుగును. మేకలు సాధారణముగా ముట్టవు. బెరడు తోళ్ళు పదునుచేయుటకు పనికివచ్చును. గింజపైపొర గట్టిది గనుక వేడినీటిలో వేసి ఒకరాత్రి నాననిచ్చి, తొలకరిలో నిలువవలసిన చోటనే విత్తవలయును. పెరికి నాటిన తల్లివేరు తెగి చచ్చును. బతుకమ్మకై కొమ్మలను విరువక పూగుత్తులనే కోసినచో మరుయేటికి పొద నిండుగ నుండును.

జలదారి దగ్గరకు మెట్టతామరను మించినది లేదు. స్నానపు నీటిని త్రాగి పెద్దయాకులతో ఎఱ్ఱగను పసుపుపచ్చగను పూచును. మురుగునీటిని శుభ్రపరచు మడులలో దీనిని వాడుదురు. పూచిన కాడను మొదలంట కోసినచో ప్రక్కదుంప మరల లేచును. నేలసంపెంగ దుంపలు ఒకసారి నాటిన ఇంచుమించు మూడేండ్లు పూచును. చామంతి రాత్రులు పొడవైన చలికాలమున పూచును. పూలు ముగియగనే మొదట కోసి, వచ్చు పిలకలను వానకాలమున విడదీసి నాటవలయును. కనకాంబరము చెట్లనీడను ఓర్చును. పండుగదినములలో పూలమ్మి యింటి ఇల్లాలు చేతిఖర్చు చూచుకొనవచ్చును. బిళ్ళగన్నేరు బండసందులో సైతము పూచును. దానినుండి క్యాన్సరు చికిత్సకు మందులు తీయుదురు గాని ఇంట నమలుటకు అది మందు కాదు, విషము. శంఖపుష్పము కంచెకు తీగగా ప్రాకును, పశువులకు మేతగాను పనికివచ్చును.

ఎఱ్ఱగన్నేరును గూర్చి ప్రత్యేకముగ హెచ్చరింపవలసియున్నది. అది ఎండకోర్చు అందమైన పొదయే; అయితే ఆకు, కొమ్మ, పువ్వు సమస్తమును విషము. పచ్చియాకుకంటె కత్తిరించి పారవేసిన ఎండుటాకు మరింత ప్రమాదము, ఏలయన పశువు గుర్తింపక తినును. పశువుల కొట్టమునకు, గడ్డివామికి, పిల్లలు ఆడుచోటికి దానిని దగ్గరగ నాటరాదు.

అందముకొరకు వచ్చి చేటు తెచ్చినవి

క్రొత్తమొక్కను తెచ్చుటకు ముందు మన పెద్దల అనుభవమును తలచుకొనవలయును. గుర్రపుడెక్క దక్షిణ అమెరికానుండి ఊదాపూల అందముకొరకు తోటలకు తెచ్చిన మొక్క. నేడది మూసీలోను మన చెరువులలోను నీరు కనబడకుండ పరచుకొన్నది. లాంటానా పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున ఉద్యానములకు వచ్చి, అడవులలో మేతగడ్డిని అణచివేసినది. దాని ఆకు తిన్న పశువులకు కాలేయము చెడును. గడ్డిజాతులలో ఫౌంటెన్ గడ్డి యని నర్సరీలవారు అమ్మునది ఒకటి కలదు. ఆఫ్రికా ఖండపు ఉత్తరభాగమునుండి వచ్చిన ఆ గడ్డి హవాయి దీవులలో తోటలు దాటి వ్యాపించి, కార్చిచ్చులకు కారణమైనది. గాలికి గింజ యెగురు గడ్డిని వేసవిలో నిప్పంటు మన గుట్టలచెంత నాటుట వివేకము కాదు.

కావున నర్సరీలో మూడు ప్రశ్నలు వేయుడు. ఇది గింజవలన తానై వ్యాపించునా? పశువు తిన్న హానియా? రెండు వారములు నీరు లేకున్న బ్రతుకునా? మూడింటికిని మంచి సమాధానము దొరకనిచో ఎంత చౌకయైనను విడిచిపెట్టుడు.

సంవత్సరపు పనుల వరుస

రోహిణి కార్తెలో గుంటలు త్రవ్వి ఎండనిచ్చి, మాగిన పెంటయెరువు కలిపి ఉంచుడు. మృగశిరలో పాతదుబ్బులను విడదీయుడు. ఆరుద్ర, పునర్వసులలో నాటుడు. శ్రావణమునందు కలుపు తీసి, ఖాళీలు నింపుడు. చిత్త, స్వాతి కార్తెలలో చివరి వానల తడియుండగనే ప్రతిమొక్క మొదటను నాలుగంగుళముల మందమున ఎండుటాకు, వేరుశనగపొట్టు, కోసిన గడ్డి కప్పుడు. ఈ కప్పు ఒకటి చేసినచో వేసవినీరు ఎంతో మిగులును. మొదటి వేసవిలో మాత్రము మొక్కల నడుమ గడ్డిచేనులేని మట్టికుండనొకటి మెడవరకు పాతి, నీరు నింపి మూత వేయుడు. నేల ఆరుకొలది కుండనుండి నీరు ఊరును; మూడు నాలుగు దినములకొకసారి నింపిన చాలును. ముసలివారికిని పిల్లలకును ఇది మోయలేని పని కాదు. రెండవ వేసవినుండి వట్టివేరు, తంగేడు, బోదగడ్డి మున్నగువానికి ఆ నీరును అక్కరలేదు.

సంఘము చేయదగిన పని

బహువార్షికముల గొప్ప సుగుణము ఒకటి పది యగుట. దుబ్బును విడదీసినకొలది పెరుగును గాని తరుగదు. ఒక్క గుంట నేలలో, అనగా ఇంచుమించు నూరు చదరపు మీటర్లలో, వట్టివేరును 30 సెంటీమీటర్ల ఎడమున నాటినచో సుమారు 1,100 దుబ్బులు పట్టును. నీరందిన మడిలో ఏడాదికి దుబ్బునకు పది నాటుముక్కలు వచ్చుననుకొన్నను 11,000 ముక్కలగును. 15 సెంటీమీటర్ల కొకటి చొప్పున ఇవి 1,650 మీటర్ల గట్టునకు సరిపోవును. ఒక సభ్యుని బావిదాపున గుంటెడు నేలను సంఘము నారుమడిగా నిలుపుకొన్నచో, ఊరిలో సగము వాలుగట్లకు రెండు మూడేండ్లలో పిలకలు ఉచితముగా అందును. తీసికొన్న సభ్యుడు మరుయేడు తీసికొన్నదానికి రెట్టింపు పిలకలను తిరిగి ఇచ్చు నియమము పెట్టినచో ఆ మడి ఎన్నడును తరుగదు. రూపాయి అప్పునకు వడ్డీ కష్టపెట్టును. పిలక అప్పునకు వడ్డీని వానయే చెల్లించును.

పెరటిలో నాలుగు దుబ్బులు, జలదారిచెంత మెట్టతామర, కుండలక్రింద ఒక ఫెర్ను, కంచెకు తంగేడు: ఇంతకుమించిన తోట మన మెట్టసీమలో అవసరము లేదు. కూలికి పోయినవారు తొలకరికి ఇల్లు చేరునప్పుడు వాకిట ఎండిన కుండీలుగాక, పచ్చగా నిలిచిన దుబ్బులు వారిని ఎదుర్కొనవలయునని మా కోరిక. ఈ వానకాలమున సభ్యులు కనీసము ఒక్కొక్క దుబ్బునైనను నాటి, వైశాఖమున అది ఎట్లున్నదో మాకు తెలియజేయుదురు గాక.